ఆరున్నొక్కటి

దెయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అసలే లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇది ఎవరికి చెప్పినా చివర్లో తల పంకించి, "అయితే మీరు కూడా నమ్మారన్నమాట" అంటారు. నమ్మలేదండీ. ఇవాళ్టికీ నమ్మను.

గుడివాడలో మేము అద్దెకున్న ఇంటి సందు చివర ఒక చింతచెట్టు ఉండేది. దాని మీద ఎవరో ఉన్నారని ఆడవాళ్ళు మిట్టమధ్యాహ్నం కూడా గబగబా దాటేసేవాళ్ళు. నేను ఆ చెట్టు కింద రాలిన కాయలే ఏరుకొచ్చి, పచ్చడి నూరి, వాళ్ళందరికీ తలా ఒక గిన్నె పంచాను. లొట్టలేసుకుంటూ తిన్నారు. తిన్నాక చెప్పాను ఎక్కడివో. ఒకావిడ నెల రోజులు నాతో మాట్లాడలేదు.

నేను చెప్పబోయేది చీకట్లో జరిగింది కాదు. ఉదయం పది గంటలకి, వసారాలో ఎండ పడుతుండగా జరిగింది. నేను నిద్రలో లేను, నాకు జ్వరం లేదు. పక్కన మా అమ్మ ఉంది.

ముందు మా నాన్న గురించి చెప్పాలి.

మాది మొవ్వ పక్కన ఒక పల్లె. నాన్న పేరు కోటయ్య. కళ్ళాల్లో ధాన్యం కొలవడం ఆయన పని. కుంచాన్ని రాశిలో ముంచి, పైన చేత్తో చదును చేసి, గోనెలో పోస్తూ అందరికీ వినబడేలా లెక్క చెప్పాలి. పొలం ఉన్నవాడూ, కౌలుకి చేసినవాడూ ఇద్దరూ ఒప్పుకున్న మనిషికే ఆ పని ఇస్తారు. మా నాన్న కోసం అవనిగడ్డ అవతల ఊళ్ళ నుంచి కూడా బండి కట్టుకుని వచ్చేవాళ్ళు.

ధాన్యం కొలిచే లెక్క బళ్ళో నేర్పే లెక్క కాదు. అందులో ఒకటి అనరు, "లాభం" అంటారు. తర్వాత రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు మామూలే. ఆరు తర్వాతది మాత్రం నోట్లోంచి రానివ్వరు. "ఏడు" అంటే అంకె ఒక్కటే కాదు కదా, ఎదుటి మనిషిని ఏడవమన్నట్టు కూడా అవుతుంది. పంట చేతికొచ్చిన రోజున రాశి ముందు నిలబడి అనవలసిన మాటేనా అది? అందుకని "ఆరున్నొక్కటి" అంటారు. ఆ తర్వాత ఎనిమిది.

మా నాన్న ఆ మాట చివర సాగదీసేవాడు. "ఆరున్నొక్కటీ..." అని ఇంకో కుంచం నిండేదాకా గాలిలో నిలబెట్టేవాడు. ఆ సాగదీతని బట్టి, కొలిచేది కోటయ్య అని పక్క కళ్ళం వాళ్ళు చెప్పేసేవాళ్ళు.

నేనేమో బడికి వెళ్ళిన పిల్లని. నాకు మొదట్నుంచీ నోరెక్కువ. ఆయన అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని కావాలని ఏడో ఎక్కం ఎత్తుకునేదాన్ని. "ఏడొకట్ల ఏడు!" అని అరిచేదాన్ని.

"కంచం ముందు ఆ మాటేంటే నాంచారూ? మెల్లిగా చదువుకోలేవూ?" అనేవాడు.

"అది అంకె నాన్నా. అంకెకి ఏడుపేంటి?" అనేదాన్ని.

"అంకె నీకు. నాకు కాదు."

ఈ తగాదా మా ఇద్దరి మధ్యా పదేళ్ళు నడిచింది. నవ్వుకుంటూనే నడిచిందిలెండి. కానీ ఆయనొక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఏడో తారీకుని కూడా "ఆరు వెళ్ళిన మర్నాడు" అనేవాడు. ఇది గుర్తుపెట్టుకోండి.

కిలోలు వచ్చాయి, ఊరూరా కాటాలు వచ్చాయి. కుంచం అటకెక్కింది. నాన్న మమ్మల్ని తీసుకుని గుడివాడ వచ్చి ఒక రైసు మిల్లులో బస్తాలు లెక్కబెట్టే పనికి కుదిరాడు. మిషను పక్కనే నిలబడి పొద్దున్నించీ సాయంత్రం దాకా లెక్క. రెండేళ్ళు తిరక్కుండానే చెవులు మందగించాయి. ఆ తర్వాత మేం పక్కన నిలబడి అరిచినా వినబడేది కాదు. ఏదైనా చెప్పాలంటే పలక మీద రాసి చూపించేవాళ్ళం. ఆయన ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేలోపు, చెప్పాలనుకున్నదాంట్లో సగం మాకే అక్కర్లేదనిపించేది. అలా మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మాటకారి మనిషి. రోజంతా ఊరికే కూర్చుని మా మూతుల వంక చూస్తుండేవాడు.

అప్పటికి నేను ఎస్సెల్సీ అయ్యి, బజార్లో రాఘవులు మావయ్య రేడియో షాపులో కాయిల్స్ చుట్టే పనికి వెళ్తున్నాను. ఆయన మాకు చుట్టం కాదు, అందరూ మావయ్యా అంటే నేనూ అనేదాన్ని. సన్నటి రాగి తీగని తెగకుండా వందల చుట్లు చుట్టాలి. ఆడపిల్ల వేళ్ళకే అది చాతనవుతుందని ఆయన నమ్మకం. కాయిల్స్‌తో మొదలెట్టి ఆరు నెలల్లో టంకం పెట్టడం, రెసిస్టరు రంగులు చదవడం నేర్చేసుకున్నాను. "ఆడపిల్లకి ఈ పనేంటి" అని వచ్చినవాళ్ళు రేడియో బాగై పాడుతుంటే నోరు మూసుకుని తీసుకెళ్ళేవాళ్ళు.

ఆ రోజుల్లో మద్రాసు నుంచి పోస్టులో కిట్లు వచ్చేవి. అట్టపెట్టెలో చిన్న బోర్డు, నల్ల రంగు పూసిన ట్రాన్సిస్టరు ఒకటి, నాలుగైదు రెసిస్టర్లు, కండెన్సర్లు, వాల్యూం కంట్రోలు, ఎలా కలపాలో బొమ్మ వేసిన కాగితం ఉండేవి. హెడ్‌ఫోన్లలో సన్నగా వినబడే క్రిస్టల్ రేడియోని కాస్త గట్టిగా వినిపించే యాంప్లిఫయరు అన్నమాట. కుర్రాళ్ళు సరదాకి కొనేవాళ్ళు. అది చూడగానే నాకు నాన్న చెవులు గుర్తొచ్చాయి. రేడియో బదులు ఒక మైకు తగిలిస్తే?

జీతంలోంచి మిగిల్చి కిట్టు తెప్పించాను. పాత టెలిఫోను మౌత్‌పీసు ఒకటి మావయ్య ఇచ్చాడు, అదే మైకు. హెడ్‌ఫోన్ల కోసం పాసింజరు ఎక్కి బందరు వెళ్ళాను. కోనేరు సెంటరు దగ్గర పాత సామాన్లు అమ్మే అతని దగ్గర యుద్ధం నాటి మిలిటరీ జత దొరికింది. నల్ల బేకలైటు కప్పులు రెండు, ఇనప బద్ద, గుడ్డ చుట్టిన తీగ. "ఏం చేసుకుంటావమ్మా?" అని అడిగాడు. "మా నాన్నకి పెడతా" అన్నాను. తలకి మించిన బరువుంటాయే అన్నాడు.

మా ఇంట్లో కరెంటు లేదు. టంకం పెట్టే కడ్డీని కుంపట్లో కాల్చేదాన్ని. టంకం అతకడానికి గుగ్గిలం వాడేదాన్ని. ఆ పొగ చూసి పక్కింటివాళ్ళు నేను రోజూ ఇంటికి ధూపం వేస్తున్నానని మెచ్చుకున్నారు. నేను వద్దనలేదు.

కిట్టులో ఉన్న ఒక్క ట్రాన్సిస్టరు చాల్లేదు. ఇంకోటి కలిపాను. బోర్డు సరిపోక అట్టముక్క మీద రెండో భాగం కట్టాను. మూడు టార్చి బ్యాటరీలు. నాలుగు నెలలు పట్టింది. రోజూ నాన్న వచ్చి పక్కన గొంతుక్కూర్చుని చూసేవాడు. "ఏంటే ఇది?" అంటే పలక మీద "నీ చెవులు" అని రాశాను. చదివి పడీపడీ నవ్వాడు.

మొదటిసారి మైకు ఆయన చేతికిచ్చి, హెడ్‌ఫోన్లు నేను పెట్టుకున్నాను. ఏదైనా మాట్లాడమని సైగ చేశాను. ఏం మాట్లాడాలో తోచక తనకి వచ్చిన లెక్కే ఎత్తుకున్నాడు. "లాభం... రెండూ... మూడూ..." అలా "ఆరున్నొక్కటీ" దాకా వచ్చి, సాగదీసి, నా వంక చూసి కన్నుగీటాడు. ఆ బేకలైటు కప్పుల్లో ఆయన గొంతు కొంచెం ముక్కుతో మాట్లాడినట్టుంది. టెలిఫోను మైకుల్లో అలాగే ఉంటుంది. అదీ గుర్తుపెట్టుకోండి.

మర్నాడు ఆయన వంతు. నాన్నని వసారాలో మంచం మీద కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టాను. మైకు దగ్గరగా ఉంటే కూత పెడుతుందని తీగ పొడుగు చేసి, సెట్టు, మైకు పట్టుకుని నేను వంటింట్లోకి వెళ్ళాను. తలుపు సందులోంచి ఆయన మొహం కనబడుతోంది. అమ్మ గడప మీద కూర్చుంది.

నాలుగు నెలలూ అనుకున్నాను, ముందు "నాన్నా" అని పిలవాలని. తీరా మైకు చేతిలోకి వచ్చేసరికి షాపు అలవాటు ముందుకొచ్చింది. రేడియో పరీక్ష చేసేటప్పుడు ఒక్కో అంకె చెబుతూ వాల్యూం ఒక్కో మెట్టు పెంచుతాం. అలాగే మొదలెట్టాను. ఒకటి. ఆయన మొహంలో ఏమీ లేదు. రెండు. మూడు. నాలుగు. ఏమీ లేదు. అయిదు. ఆరు. కనుబొమలు కాస్త కదిలాయి. వాల్యూం ఇంకో మెట్టు పెంచి, నోరు మైకుకి ఆనించి, గట్టిగా "ఏడు!" అన్నాను.

విన్నాడు.

మొహం ఒక్కసారి వెలిగింది. ఆ వెలుగు నేను చూశాను, అమ్మా చూసింది. మరుక్షణం ఆరిపోయింది. మెల్లిగా హెడ్‌ఫోన్లు తీసి మంచం మీద పెట్టాడు.

"ఇన్నేళ్ళకి నా కూతురి గొంతు విన్నాను," అన్నాడు అమ్మతో. "నన్ను ఏడవమంటోంది."

నేను పరిగెత్తుకొచ్చి "అయ్యో, అది అంకె నాన్నా!" అని అరిచాను. హెడ్‌ఫోన్లు తీసేశాడు కదా, ఏం వినబడుతుంది? పలక పక్కనే ఉంది. తీసి రాస్తే సరిపోయేది. రాయలేదు. నాకూ ఒళ్ళు మండింది. నాలుగు నెలలు వేళ్ళు కాల్చుకుని చెవులు చేసిపెడితే, చిన్నప్పటి ఆ పిచ్చి పట్టింపు ఇప్పుడు తీస్తాడా అనుకున్నాను. సెట్టుని గుడ్డలో చుట్టి గూట్లో పెట్టేశాను. ఆయన మళ్ళీ పెట్టుకుంటానని అడగలేదు. నేను పెట్టుకోమని అడగలేదు. ఎవరి పంతం వాళ్ళది. పదకొండు రోజులు.

పన్నెండో రోజు మిల్లులో బస్తాలు లెక్కబెడుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. రిక్షాలో ఇంటికి తెచ్చేసరికే ప్రాణం లేదు.

నేను ఏడవలేదు.

ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, జరిగింది చెబుతున్నాను. కళ్ళు ఎండిపోయినట్టున్నాయి. చుట్టుపక్కల ఆడవాళ్ళు నన్ను పట్టుకుని "ఏడవ్వే తల్లీ, గుండె పగిలిపోతుంది" అని కుదిపారు. ఎవరెంత కుదిపితే నేనంత బిగుసుకుపోయాను. నాన్నకి వినబడిన నా ఆఖరి మాట అదే, ఏడు. ఇప్పుడు అందరూ నాకు అదే చెబుతున్నారు. వెనకనుంచి ఎవరో "కన్నకూతురు, చుక్క కన్నీరు లేదు, రాయి" అన్నారు. అననివ్వండి అనుకున్నాను.

మొవ్వ నుంచి మా పెదనాన్న వచ్చాడు. నాన్నకి అన్న. ఆయనకి ఎవరు చెప్పారో, గూట్లోంచి సెట్టు తీయించి చూశాడు.

"చెవుల్లో ఏవేవో తగిలించి వాణ్ణి చంపేశావే," అన్నాడు. "పెద్దకర్మ లోపు దీన్ని తీసుకెళ్ళి కాలవలో పారెయ్యి. ఇంట్లో ఉంటే వాడికి మోక్షం ఉండదు."

"పారెయ్యను పెదనాన్నా," అన్నాను.

"అందులో వాడి ప్రాణం చిక్కుకుంటుందే పిచ్చిదానా!"

"అందులో మూడు బ్యాటరీలు తప్ప ఏం లేవు. కావాలంటే మూత తీసి చూసుకోండి."

చెయ్యెత్తాడు. అమ్మ అడ్డం వచ్చింది. ఆ మధ్యాహ్నం భోజనానికి కూర్చోకుండా మొవ్వ వెళ్ళిపోయాడు. కర్మనాడు వచ్చాడు కానీ నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

కర్మలన్నీ అయ్యాక సెట్టు మళ్ళీ బయటికి తీశాను. ఎందుకు తీశానో చెబుతాను. ఒకటి నుంచి ఆరు దాకా ఆయనకి వినబడలేదు. అదొక్కటే నన్ను తినేస్తోంది. సెట్టు సరిగ్గా పనిచేసి ఉంటే ఆయనకి ముందు "ఒకటి" వినబడేది. "ఒకటి" విని నవ్వేవాడు. "లాభం అనవే" అని దెబ్బలాడేవాడు. పదకొండు రోజులూ నాతో మాట్లాడేవాడు. ఆరు అంకెల పాటు నా గొంతు ఎక్కడ ఆగిపోయిందో నాకు తెలియాలి.

రెండు రోజులు వెతికితే దొరికింది. మైకు నుంచి మొదటి ట్రాన్సిస్టరుకి వెళ్ళే దారిలో ఒక కండెన్సరు ఉంటుంది. దానికి ప్లస్సు, మైనస్సు ఉంటాయి. నేను తిరగేసి పెట్టాను. షాపులో రోజుకి పది పెట్టేదాన్ని, ఒక్కటీ తప్పలేదు. నాన్న సెట్టులో తప్పింది.

మర్నాడు ఉదయం ఆ కండెన్సరు ఊడదీశాను. మైకు తీగలు కూడా ఊడదీసి, మైకుని అట్టపెట్టెలో పెట్టి మూత వేశాను. కొత్త కండెన్సరు షాపు నుంచి తేవాలి. అంటే అప్పుడు సెట్టుకి మైకు లేదు. మొదటి ట్రాన్సిస్టరుకి ముందు ఏమీ లేదు, ఖాళీ. బ్యాటరీలు మాత్రం ఉన్నాయి. స్విచ్చి వేసి హెడ్‌ఫోన్లు ఒకసారి చెవికి పెట్టుకున్నాను, సెట్టు బతికే ఉందో లేదో చూద్దామని. సన్నటి బుస తప్ప ఏం లేదు. అలాగే ఉండాలి.

అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. అంతవరకూ ఆవిడ ఆ హెడ్‌ఫోన్లు ముట్టుకోలేదు.

"ఆయన చెవులకి పెట్టుకున్నవి కదా," అంది. "నన్ను కూడా ఓసారి విననీ."

"ఏం లేదమ్మా ఇందులో, మైకు తీసేశాను."

"లేకపోతే లేదులే. ఇటివ్వు."

బద్ద మీంచి రెండు కప్పులూ విప్పి, ఒకటి ఆవిడ చెవికిచ్చి, ఒకటి నేను పెట్టుకున్నాను. ఇద్దరం ఒకరి భుజం ఒకరికి ఆనించుకుని కూర్చున్నాం. ఎండ మా కాళ్ళ మీద పడుతోంది. సందులో ఎవరో బిందె కడుగుతున్నారు. ఆ చప్పుడు ఖాళీగా ఉన్న చెవికి వినబడుతోంది.

కాసేపు బుస. తర్వాత బుస తగ్గింది.

"లాభం."

నేను కదల్లేదు. అమ్మ వేళ్ళు నా మోచెయ్యి మీద బిగిశాయి. అంటే ఆవిడకీ వినబడింది.

"రెండూ... మూడూ..."

అదే గొంతు. ముక్కుతో మాట్లాడినట్టు, మొదటిసారి మైకులో చెప్పినప్పుడు ఎలా వినబడిందో అలాగే. తొందర లేదు. ఒక్కో అంకెకీ మధ్య ఒక కుంచం నింపి పోసేంత వ్యవధి ఉంది. "నాలుగూ... అయిదూ..." నేను వాల్యూం మీద చెయ్యి వెయ్యలేదు. మొదటి మాట నుంచీ స్పష్టంగా ఉంది.

"ఆరూ."

ఇక్కడ కొంచెం ఆగాడు. మామూలుగా ఆగేదానికన్నా ఎక్కువ.

"ఏడు."

సాగదీయలేదు. మెల్లిగా, దగ్గరగా, చిన్నప్పుడు నన్ను నిద్రలేపేటప్పుడు మాట్లాడినట్టు అన్నాడు. అంతే. ఎనిమిది రాలేదు. మళ్ళీ బుస.

నాకు లోపల ఏదో తెగింది. ఆ కప్పుని చెవికి అలాగే నొక్కిపట్టుకుని ఏడ్చాను. ఇరవై రోజుల ఏడుపు. ఇల్లెగిరిపోయేలా ఏడ్చాను. బిందె కడుగుతున్నావిడ పరిగెత్తుకొచ్చింది, పక్కింటివాళ్ళు వచ్చారు. "హమ్మయ్య, ఏడ్చింది" అన్నారెవరో. అమ్మ నా తల ఒళ్ళోకి తీసుకుని వీపు నిమురుతూ కూర్చుంది. తను ఏడవడం లేదు. నవ్వుతోంది.

అందరూ వెళ్ళాక అంది, "మీ నాన్నేనే. విన్నావుగా? ఆరున్నొక్కటి దగ్గర ఎప్పట్లాగే ఎలా సాగదీశాడో!"

నేను తలెత్తి చూశాను.

"ఏ మాట దగ్గరమ్మా?"

"అదేనే, ఆరున్నొక్కటీ... అనలేదూ? అక్కడే కదా నువ్వు ఘొల్లుమన్నావు. నువ్వెంత ఎగతాళి చేసినా, కాటాలొచ్చినా, ఆ మాట మార్చలేదు చూడు మనిషి."

"అవునమ్మా," అన్నాను.

నేను విన్నది ఆవిడకి చెప్పలేదు. ఆ రోజు చెప్పలేదు, తర్వాత ఇరవై ఆరేళ్ళు బతికింది, అప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు ఈ పని తెలిసినవాళ్ళ కోసం ఒక మాట. ఆ హెడ్‌ఫోన్ల రెండు కప్పులూ వరుసలో కలిపి ఉంటాయి. ఒకే తీగ ఒక కప్పులోకి వెళ్ళి, అందులోంచి బయటికొచ్చి రెండో కప్పులోకి వెళ్తుంది. ఒకదాంట్లో ఏ కరెంటు పారితే రెండోదాంట్లోనూ అదే. ఒక కప్పు తీగ ఊడదీస్తే రెండోది కూడా మూగబోతుంది. ఆ మధ్యాహ్నమే ఊడదీసి చూశాను, మూగబోయింది. మళ్ళీ కలిపాను, బుస వచ్చింది. కప్పులు మార్చి చూశాను. పదిసార్లు చూశాను. ఒకే తీగలో, ఒకే క్షణంలో, అమ్మకి ఒక మాట, నాకు ఇంకో మాట రావడానికి దారి లేదు.

రాఘవులు మావయ్యకి చెప్పాను. ఆయన దెయ్యాల జోలికి పోలేదు, అందుకు ఆయనంటే నాకు గౌరవం. ముందు ఖాళీగా ఉన్న ట్రాన్సిస్టరు రేడియో స్టేషన్ని పట్టుకోవచ్చన్నాడు. నిజమే, పట్టుకుంటుంది.

"ఏ స్టేషన్లో లాభం, రెండు అని లెక్కబెడతారు మావయ్యా?" అన్నాను.

రైతుల కార్యక్రమం ఏదైనా వచ్చిందేమో అన్నాడు. ఉదయం పదింటికి మనకి అందే స్టేషన్లో రైతుల కార్యక్రమం లేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. పోనీ, ఒక కప్పులో లోపలి రేకు వంగి ఉంటే మాట మారి వినబడుతుందేమో అన్నాడు. రెండు కప్పులూ విప్పాం. రెండు రేకులూ చదునుగానే ఉన్నాయి. ఒకవేళ రేకు వంగినా గొంతు బొంగురుపోతుంది కానీ "ఆరున్నొక్కటీ" అని అంత పొడుగున సాగిన మాట "ఏడు" అయిపోతుందా? చివరికి ఆయన స్క్రూ డ్రైవరు బల్ల మీద పెట్టి, "తెలీదమ్మా" అన్నాడు.

చుట్టుపక్కల ఎక్కడా కళ్ళం లేదు. అది నూర్పిళ్ళ రోజులు కావు. మాటలు పట్టుకుని మళ్ళీ వినిపించే మిషను మా సందులో ఎవరి దగ్గరా లేదు, అసలు అప్పటికి నేను కంటితో చూడలేదు. నాకు భ్రమ కలిగిందంటే ఒప్పుకుంటాను, ఇరవై రోజులు సరిగ్గా తిండీ నిద్రా లేని మనిషిని. మరి నా మోచెయ్యి మీద అమ్మ వేళ్ళ గుర్తులు? సాయంత్రం దాకా ఉన్నాయి. ఆవిడకి ఏమీ వినబడకపోతే, మొదటి మాటకే ఎందుకు పట్టుకుంది?

కొత్త కండెన్సరు వేశాను, ఈసారి సరిగ్గా. సెట్టు బ్రహ్మాండంగా పనిచేసింది. తర్వాత అలాంటివి చాలా కట్టాను, వినబడని ముసలివాళ్ళకి. చల్లపల్లి నుంచి, బందరు నుంచి కూడా వచ్చి కట్టించుకున్నారు. పరీక్ష చేసేటప్పుడు మాత్రం అంకెలు చెప్పను. పెట్టుకున్న మనిషిని పేరుతోనో, వరసతోనో పిలుస్తాను. నాన్న సెట్టు నా దగ్గరే ఉంది. పెదనాన్న కాలవలో వెయ్యమన్నాడు, తర్వాత ఇంకా చాలామంది చాలా చెప్పారు. శాంతి చేయించమన్నారు, గయ వెళ్ళమన్నారు. నేను ఏదీ చెయ్యలేదు. ఏటా బ్యాటరీలు మార్చి ఒకసారి వింటాను. బుస తప్ప ఏమీ రాదు.

ఆయన అన్నది అంకో, ఏడవమనో నాకు ఇప్పటికీ తెలియదు. అంకె అయితే, మా తగాదాలో మొదటిసారి నా మాట నెగ్గనిచ్చాడు. జీవితమంతా నోట రానివ్వని మాటని నా కోసం అన్నాడు. ఏడవమనే అయితే, అది ఆ రోజు నాకు ఎంత అవసరమో ఆయనకి తెలిసింది. అమ్మకి మాత్రం, ఆవిడకి కావలసిన పాత మాట మార్చకుండా ఇచ్చాడు. ఒకే తీగ మీద ఇద్దరికీ ఇద్దరి కొలతా ఎలా కొలిచాడో ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

దెయ్యాలు లేవు. ఈ మాట మీద నన్నెవరూ కదల్చలేరు. ఇదంతా విని "అయితే అది మీ నాన్నగారి దెయ్యమేనండీ" అన్నవాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని ఇంట్లోంచి లేచి వెళ్ళమన్నాను కూడా. మా నాన్న ధాన్యం కొలిచేవాడు. ఆయన్ని దెయ్యమంటే ఊరుకోను.